కుడికాలి చెక్క

పోయిన వారం వనపర్తిలో మోకాళ్లు చూపించుకోవడానికి వెళ్లాను. ఎనభై ఎనిమిదేళ్లు నన్ను మోసిన మోకాళ్లు, ఇక వాటిలో చూడటానికేముందని నేను, చూపించాల్సిందేనని మా చిన్నకూతురు, నాలుగు రోజులు వాదులాడుకున్నాక ఎప్పటిలాగే ఆమె మాటే నెగ్గింది. కసరత్తు చేయించే గదిలో నా వంతు కోసం కూర్చుంటే, ఎదురుగా ఆరేడేళ్ల పిల్ల ఒకతె కుర్చీలో కూర్చుని, నేల మీద పెట్టిన చిన్న పెడళ్ల యంత్రాన్ని తొక్కుతోంది. తొక్కడం తక్కువ, ఏడవడం ఎక్కువ. రెండు మోకాళ్లూ వాచి నున్నగా మెరుస్తున్నాయి. పిల్లలకు వచ్చే కీళ్లవాతమట. ఆ పిల్ల తల్లి, కసరత్తు చేయించే అమ్మాయి దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది, పడుకునేటప్పుడు మోకాళ్ల కింద దిండు పెడితే నొప్పి తగ్గి నిద్రపోతోంది, పెట్టవచ్చా అని. ఎంత ఏడ్చినా పెట్టవద్దని, పెడితే కాలు అట్లాగే వంగి బిగుసుకుపోతుందని ఆ అమ్మాయి చెప్పింది.

ఆ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు నాకు ఏడేళ్లు. విన్నది గద్వాలలో, చెప్పిన డాక్టరు ఉర్దూలో చెప్పాడు.

మాది పెద్దమందడి దగ్గర చిన్న ఊరు. తాతల నాటి మగ్గం మూలకు పెట్టి మా నాయన చెలకలు చేసుకునేవాడు. జొన్న, ఆముదం, వానలు బాగుంటే ఇంత పల్లీ. ఎక్కడో దూరదేశాల్లో యుద్ధం జరుగుతోందని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని పెద్దవాళ్లు అనుకునే రోజులవి. నా ఈడువాళ్లకు ఆముదం దీపం వాసన గుర్తుండే ఉంటుంది. జొన్న కోతలప్పుడు నాకు జ్వరం వచ్చింది. జ్వరం వచ్చినట్టే పోయింది కాని, పోతూ పోతూ నా మోకాళ్లను వెంట తీసుకుపోయింది. పొద్దున లేచేసరికి రెండూ వాచి, వేడిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేట్టు ఉండేవి. కుడిది మరీ మొండిది. కాలు చాపితే నొప్పి, ముడిస్తే కాస్త నయం. ఏ బిడ్డయినా ఏం చేస్తుంది, ముడుచుకునే పడుకుంటుంది.

మా అమ్మ నా ఏడుపు చూడలేకపోయింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉండేది, మా నాయనమ్మ కుట్టినది. దాన్ని గుండ్రంగా చుట్టి నా మోకాళ్ల కింద పెట్టింది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అమ్మ చెలకకు పోతూ బొంత సర్దిపోయేది, తిరిగి వస్తూనే మొదట బొంతనే సర్దేది. ఆకులు కట్టారు, పసర్లు పూశారు, దిష్టి తీశారు, ఎవరే మందు చెప్పినా అమ్మ చేసింది, చేసినంతసేపు చేసి మళ్లీ బొంత పెట్టింది. అందరూ పొలం పోయాక ఇంట్లో నేనూ, దాలిలో నిప్పూ మిగిలేవాళ్లం. వాకిట్లో నా తోటి పిల్లల ఆటలు వినిపిస్తుంటే ఎవరు గెలుస్తున్నారో అరుపును బట్టి పోల్చుకుంటూ పడుకునేదాన్ని. మొదట్లో వాళ్లు గడపలో నిలబడి పలకరించి పోయేవారు. నాలుగు నెలలయ్యాక పలకరించడం మరిచిపోయారు. వాళ్ల తప్పేం లేదు, పడుకున్న పిల్లతో ఎవరాడతారు?

మళ్లీ జొన్న కోతలు వచ్చేసరికి వాపు చాలావరకు తగ్గింది. కాని కాళ్లు మాత్రం బొంత మీద ఉన్నట్టే ఉండిపోయాయి. బొంత తీసినా సాగలేదు. నేను కూర్చుని చేతుల మీద పాకేదాన్ని.

అప్పుడు గద్వాల నుంచి మా మామ వచ్చాడు. మా అమ్మకు అన్న, గుంట మగ్గం మీద జరీ చీరలు నేసేవాడు, మాటలు తక్కువ మనిషి. నన్ను పాకుతుంటే చూసి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులకే అమ్మ, నేను, మామ వనపర్తి రోడ్డు స్టేషన్ దాకా బండి మీద, అక్కడి నుంచి గద్వాలకు రైలు మీద పోయాం. నాకది మొదటి రైలు. కృష్ణ మీద వంతెన వచ్చినప్పుడు చూడమని మామ ఎత్తుకున్నాడు, నేను చూసింది ఇనుప కమ్మీలు, వాటి సందుల్లో దూరంగా ఎండిన ఇసుక. అమ్మ ఒడిలో మళ్లీ పడుకున్నాను. మోకాళ్ల కింద బొంత ఉంది. అమ్మ దాన్ని రైల్లోకి కూడా తెచ్చింది.

గద్వాల సర్కారు దవాఖానలో డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఎన్నాళ్లుగా ఇట్లా ఉందని అడిగాడు, పడుకున్నప్పుడు కాళ్ల కింద ఏం పెడతారని అడిగాడు. ఆయన ఉర్దూ మామ తెలుగు చేస్తుంటే అమ్మ ఎంతో ఒద్దికగా చెప్పింది, బొంత మెత్తగా చుట్టి పెడతానని, ఒక్కరోజు కూడా మరువలేదని. డాక్టరు కోప్పడలేదు. ఇకమీదట పెట్టవద్దన్నాడు. రోగం కాళ్లను వాచేట్టు చేసిందిగాని వంచింది ఆ బొంతేనని, ఇంకో ఏడాది ఇట్లాగే ఉంటే ఈ పిల్ల జన్మలో నిలబడదని చెప్పాడు. ఉప్పు మూటతో కాపడం పెట్టాలి, కాలు చాపించి చెక్కకు గుడ్డతో కట్టి కొంతసేపు ఉంచాలి, రోజూ కాలితో బలంగా తొక్కించాలి, ఏడ్చినా మానకూడదు. ఇదంతా మామ తెలుగులో చెబుతుంటే అమ్మ నేలనే చూస్తూ ఉండిపోయింది. ఎట్లా చాపించాలో చూపించడానికి డాక్టరు నా కుడి మోకాలు అదిమాడు. నేను పెట్టిన కేకకు అమ్మ నన్ను బల్ల మీది నుంచి గుంజుకుని, ఎత్తుకుని, దవాఖాన బయటికి వచ్చేసింది. మామ వెనకాలే వచ్చాడు.

మరునాడు మధ్యాహ్నం మామ ఇంట్లో, వెనక గదిలో మా అత్త నాకు కాపడం పెట్టింది. మామ భార్య, ఆమెకు పిల్లల్లేరు, ముద్దు చేయడం తెలియదు. ఉప్పు మూట పెనం మీద పెట్టి, తన బుగ్గకు ఆనించి వేడి చూసుకుని నా మోకాలికి పెట్టేది. ఆ వేడికి కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి కొయ్యకు వేలాడే అమ్మ మూట లేదు. బొంతా లేదు. నేను ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాక మామ వచ్చి పక్కన కూర్చుని, "నీ కాలు సాపుకోని నువ్వు గడప దాక నడిచిననాడు మీ అమ్మొస్తది" అన్నాడు. అంతకుమించి ఎంత అడిగినా చెప్పలేదు. ఏడేళ్ల పిల్లకు అందులో అర్థమైంది ఒక్కటే, కుంటిపిల్లను మా అమ్మ వదిలించుకుపోయిందని.

ఆ తర్వాత ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. నా బతుకులో అంత ఒంటరి కాలం మరొకటి లేదు. మా ఆయన పోయినప్పుడు కూడా ఇంటినిండా మనుషులున్నారు. ఆ ఇంట్లో పొద్దంతా మగ్గం చప్పుడు తప్ప మాట వినిపించేది కాదు. పొద్దున కాపడం, తర్వాత కాలు చాపించి చెక్కకు కట్టడం, కట్టాక అత్త తన పనికి పోయేది. కట్టిన కాళ్లతో పైకప్పు దూలాలు లెక్కపెడుతూ ఉండేదాన్ని. పదకొండు. వాటిలో ఒకదానికి చెద పట్టి ఉండేది, దాని మీద ఎక్కడిదాకా పాకిందో రోజూ చూసేదాన్ని. వీధిలో పిల్లలు నన్ను చూడటానికి కిటికీ దగ్గరికి వచ్చి, చూసి, పోయేవారు. మా ఊరి పిల్లలే నయం, పేరైనా పెట్టి పిలిచేవారు.

ఇక మిగిలింది కాలితో తొక్కడం. గోడకు కాలు ఆనించి తొక్కమనేవారు, ఇటుకను తొయ్యమనేవారు. రెండుసార్లు తోసి మానేసేదాన్ని. ఏ ఫలమూ లేని పనికి నొప్పి ఎవరు పడతారు? మామ నాలుగు రోజులు చూశాడు. తర్వాత ఒక పొద్దున నన్ను ఎత్తుకుపోయి మగ్గం గుంట అంచున, తన పక్కన పీట మీద కూర్చోబెట్టాడు.

గుంట మగ్గం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నేలలో నడుము లోతు గుంట తవ్వి, నేసేవాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేస్తాడు. గుంటలో తొక్కడానికి రెండు చెక్కలుంటాయి. ఎడమ చెక్క తొక్కితే పడుగులో, అంటే నిలువు పోగుల్లో, సగం పైకి లేస్తాయి, అడ్డదారం మోసే నాడె ఆ సందులోంచి అటు పోతుంది. కుడి చెక్క తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె ఇటు వస్తుంది. మామ ఆ పక్కన ఖాళీగా ఉన్న మా అమ్మవైపు తాత మగ్గానికి, అప్పటిదాకా మిగిలిన నూలు ముక్కలన్నీ అతికి ఒక పడుగు వేసి ఉంచాడు. నూలు దొరకని కాలం, వీధిలో మగ్గాలే కొన్ని ఆగిపోయి ఉన్నాయి, ఇతనికేం పోయేకాలమని చుట్టుపక్కల అనుకున్నారట. నా కాలు అందేట్టు కుడి చెక్క మీద మరో చెక్క కట్టాడు. ఎడమది తనది, కుడిది నాది. తను తొక్కి నాడె విసిరేవాడు, ఆగి నా వైపు చూసేవాడు. నేను తొక్కితేనే నాడె తిరిగి వచ్చేది.

మొదటి రోజు ఎనిమిది పోగులు పడ్డాయి. చిటికెన వేలి గోరంత కూడా లేదు. అయినా అది గుడ్డే. నా కాలు చేసిన గుడ్డ. చేయి పెట్టి చూసుకున్నాను.

కాలు నొచ్చినప్పుడు చెక్క పూర్తిగా దిగేది కాదు. పోగులు సరిగా లేవక, కిందుగా పోవాల్సిన నాడె పైనుంచి పోయి, అక్కడక్కడ దారం గుడ్డకు అంటుకోకుండా తేలిపోయేది. జరీ చీరల్లో వెంట్రుక తేడా ఉన్నా మళ్లీ విప్పి నేసే మనిషి, ఇక్కడ ఒక్కటి కూడా విప్పలేదు. తప్పులు నాకే కనిపిస్తున్నాయి. సిగ్గేసి ఒకసారి విప్పమని అడిగాను.

"ఉండనీ బిడ్డా," అన్నాడు మామ. "ఈ చీర మీ అమ్మకే. నీ కాలు యేడ నొచ్చిందో యేడ సాగిందో ఆమెకు తెల్వాలె గద."

ఆ మాటతో నెల రోజులు ప్రాణం పెట్టి తొక్కాను. అమ్మ రాలేదు. వానలు మొదలయ్యాయి, ముసురుకు మోకాళ్లు మళ్లీ వాచాయి, అమ్మ రాలేదు. ఒకరోజు నేను తొక్కనని గోడవైపు తిరిగి పడుకున్నాను. తొక్కినా రాని అమ్మ తొక్కకపోతే భయపడైనా వస్తుందేమోనని నా ఆశ. అత్త తిట్టింది, అన్నం పెట్టనంది, పెట్టింది. మామ మాత్రం పొద్దున్నే తాత మగ్గం మీద కూర్చున్నాడు, తన కాలితో తన చెక్క తొక్కాడు, నాడె అటు విసిరాడు. ఇక అంతే. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన జరీ మగ్గం మీద సావుకారు చీర సగంలో ఉంది, దాని వైపు చూడలేదు. పీట మీద నా చోటు ఖాళీగా ఉంచి, మధ్యాహ్నం దాకా అట్లాగే ఉన్నాడు. అంతసేపు మగ్గం చప్పుడు లేని ఇల్లు నేనెప్పుడూ వినలేదు. చివరికి భయమేసింది. పాకుతూ పోయి పీట ఎక్కి కాలు పెట్టాను. మామ నాడె ఇటు విసిరాడు. ఎందుకాలస్యమని అడగలేదు.

ఆ వానాకాలం తర్వాత కాలు మాట వినడం మొదలుపెట్టింది. ముందు కుడి కాలు, కొన్నాళ్లకు చోట్లు మార్చి ఎడమ కాలు. మరొక్క సంగతి ఇక్కడే చెప్పాలి. అప్పుడప్పుడు మిట్టమధ్యాహ్నం అత్త రెండు జొన్నరొట్టెలు కొంగులో పెట్టుకుని, చెంబుతో నీళ్లు తీసుకుని ఎదురింటికి పోయేది. ఎదురింట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది, ఆమెకోసం కాబోలనుకునేదాన్ని. నాకు ముద్ద కలిపి పెట్టేటప్పుడు లేని ప్రేమ ఆ ముసలామె మీద ఏమిటని కుళ్లుకునేదాన్ని కూడా.

చీర అయిపోయింది. మగ్గం నుంచి కోసిన మూడో రోజు పొద్దున, గోడ పట్టుకోకుండా గడప దాకా నడిచాను. తొమ్మిది అడుగులు. ఆ మధ్యాహ్నమే అమ్మ గడపలో ఉంది. అంత తొందరగా ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపోయేంత తెలివి నాకు అప్పుడు లేదు. మళ్లీ నడవమన్నాడు మామ. నడిచాను, గడపకు రెండడుగుల దూరంలో ఆగిపోయాను. అమ్మ చేతులు చాపలేదు, కొంగులో ముడుచుకుని నిలబడింది. నాకు ఆమె మీద పడి ఏడవాలని ఉంది, అంతకంటే ఎక్కువ కోపం ఉంది.

"నన్నెందుకు ఇడిసిపెట్టి పోయినవే?" అన్నాను.

అత్త చీర తెచ్చి చేతిలో పెట్టింది. అమ్మ గడపలోనే కూర్చుని, ఆ చీరను మూర మూర చేతుల మీదుగా జరుపుకుంటూ పోయింది. దారం తేలిన ప్రతిచోట వేలు ఆగేది. మొదటి రెండు మూరల్లో ఆగని చోటు లేదు. పోను పోను తప్పులు పలచబడ్డాయి. మధ్యలో ఒకచోట, వానలప్పటి వాపు దగ్గర, వేలు చాలాసేపు ఆగింది. చివరి మూరలో ఎక్కడా ఆగలేదు. చీర మడిచి ఒడిలో పెట్టుకుంది. ఇంటికి తీసుకుపోయింది. నేను మాత్రం ఆ ప్రశ్నను చాలా ఏళ్లు మోశాను. అమ్మతో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు కూడా అది లోపలే ఉండేది, పెళ్లయ్యాక కూడా, పిల్లలు పుట్టాక కూడా.

మామ చనిపోయిన ఏడు అత్తను చూడటానికి వెళ్లినప్పుడు, ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ ఆమె అసలు సంగతి చెప్పింది. అమ్మ ఆ ఏడాదిన్నరలో ఐదుసార్లు గద్వాల వచ్చింది. ఎదురింటి అరుగు మీద, గోడ చాటున కూర్చునేది. నా ముఖం కనిపించేది కాదు, మగ్గం వినిపించేది. మామ చెక్క చప్పుడు వెంటనే పడేది, నాది ఆగి ఆగి పడేది. రెండింటి మధ్య ఎంతసేపు పడుతోందో వింటూ కూర్చుని, అత్త పెట్టిన రొట్టె తిని, రైలు వేళకు లేచిపోయేది. లోపలికి రమ్మని అత్తే ఒకసారి బతిమాలిందట. రావద్దని ముందు చెప్పింది మామేగాని, తర్వాత తర్వాత మామ రమ్మన్నా అమ్మే రాలేదట.

"నా చేతులు ఊకుండవు వదినా," అందట మా అమ్మ. "అది ఏడిస్తె మల్ల బొంత వెడ్త."

నేను తొక్కనని మొండికేసిన రోజు కూడా అమ్మ ఆ అరుగు మీదే ఉంది. మగ్గం చప్పుడు లేకుండా మధ్యాహ్నం దాకా కూర్చుందట. మామ ఒక్కడే నా కోసం కాచుకున్నాడని నేను అన్నేళ్లూ అనుకున్నాను.

అత్త దగ్గర నుంచి వచ్చాక అమ్మను ఆ సంగతి అడగాలనుకున్నాను. అడగలేదు. మా తరం ఆడవాళ్లం తల్లులతో అన్నీ మాట్లాడాం, అసలు మాట తప్ప. ఆమె చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. అప్పటికి ఆమె మోకాళ్లు పూర్తిగా పోయాయి. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, "మోకాళ్ల కింద జరంత మెత్తగ ఏదన్న పెట్టు బిడ్డా" అంది. పెట్టకూడదని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరు? ఆమె పెట్టె తెరిచి, దారాలు తేలిన ఆ చీర తీసి, గుండ్రంగా చుట్టి పెట్టాను. అమ్మ దాన్ని వేళ్లతో తడిమి ఏ చీరో పోల్చుకుంది. హాయిగా కళ్లు మూసుకుంది. బిడ్డ నొప్పి చూస్తూ ఊరికే ఉండటం ఎంత కష్టమో అప్పటికి నాకూ తెలిసింది, ఆమెకు చెప్పే వేళ మాత్రం దాటిపోయింది.

మొన్న గద్వాల మీదుగా పోతూ మామ ఉన్న వీధికి పోయి చూశాను. గుంట పూడ్చి గచ్చు చేశారు. ఎదురింటి అరుగు రోడ్డులో కలిసిపోయింది. నా మోకాలు మాత్రం ముసురు పట్టినప్పుడల్లా ఆ కుడికాలి చెక్కను అడుగుతూనే ఉంటుంది.

వనపర్తిలో ఆ పిల్ల తొక్కుతూ తొక్కుతూ మధ్యలో మానేసి వాళ్లమ్మ వైపు చూసింది. తల్లి లేవబోయింది. కసరత్తు చేయించే అమ్మాయి ఆమెను బయటికి పొమ్మంటుందేమోనని నేను ముందుకు వంగాను. ఆ అమ్మాయి కుర్చీ ఒకటి జరిపి, ఇక్కడే కూర్చోండమ్మా, చేయి పట్టుకోండి, మీరుంటేనే తొక్కుతుంది అంది. తల్లి కూర్చుంది. పిల్ల ఆ చేయి గట్టిగా పట్టుకుని, ఏడుస్తూనే, మళ్లీ తొక్కింది. నేను అటే చూస్తూ ఉండిపోయాను. నా వంతు వచ్చిందని మా కూతురు రెండుసార్లు పిలిచిందట, వినిపించలేదు.